ఆదివాసీ రక్తం చేరిన చోటికి ఆదివాసీ చేరడం లేదు

జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలనీ, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యల్లోంచి తీసేయాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. పరీక్షల సంఖ్య 2025 మధ్యకే ఆరు కోట్లు దాటింది. పదిహేడు రాష్ట్రాల్లో సాగుతున్న ఈ పనిలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఉట్నూరు గూడేల నుంచి పాడేరు కొండల దాకా వేలి కొసన సూది గుచ్చి చుక్క రక్తం తీస్తున్నారు.

మంచి పని. చాలా ఆలస్యంగా చేస్తున్న మంచి పని. మన దేశంలో సికిల్ కణాలను 1952లోనే నీలగిరి ఆదివాసుల రక్తంలో గుర్తించారు. దేశవ్యాప్త కార్యక్రమం రావడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. పరీక్షకు అడ్డుపడటానికి ఈ మాటలు రాయడం లేదు. పిలిచిన రోజు వెళ్లి పరీక్ష చేయించుకోండి. మా భయం పరీక్ష తర్వాత జరిగేదాని గురించి. కోట్ల మంది జన్యు సమాచారం పోగవుతోంది. దాన్ని చదివేవాళ్లలో, దాన్నుంచి ఏ ప్రశ్న లేవదీయాలో నిర్ణయించేవాళ్లలో, ఆ జవాబును ప్రభుత్వ విధానంగా మార్చేవాళ్లలో ఆ రక్తం ఇచ్చిన జాతుల బిడ్డలు మాత్రం దాదాపు కనపడరు. ఇది ఇలాగే సాగితే శాస్త్రం తప్పు చేస్తుంది, ఆ తప్పుకు మూల్యం కొండ మీద చెల్లిస్తారు. గతంలో ఒకసారి చెల్లించారు కూడా.

లెక్కలు చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ తెగల జనం 10.4 కోట్లు, అంటే 8.6 శాతం. మలేరియా మరణాల్లో దాదాపు సగం వీళ్లవేనని డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన పనిచేసిన గిరిజన ఆరోగ్య నిపుణుల సంఘం 2018లో తేల్చింది. జబ్బుల్లో ఇంత వాటా ఉన్నవాళ్లకు జబ్బుల మీద పరిశోధనలో ఎంత వాటా ఉంది? యువ శాస్త్రవేత్తలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్పులు 2016 నుంచి 2020 దాకా ఎవరికి దక్కాయో నేచర్ పత్రిక 2023 జనవరిలో బయటపెట్టింది. ఎనభై శాతం అగ్రకులాలకు, ఆరు శాతం షెడ్యూల్డ్ కులాలకు. షెడ్యూల్డ్ తెగలకు ఒక్క శాతం కూడా లేదు. రాజ్యాంగం పేరు చెప్పి మనం ఇస్తున్నామనుకునే ఏడున్నర శాతం రిజర్వేషన్ ఈ మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇలా ఆవిరైంది.

రిజర్వేషన్ ఉండగా ఇలా ఎలా జరిగిందని అడిగేవాళ్లకు ఒక పాత ఉత్తర్వు గురించి చెప్పాలి. 1975లో కేంద్రం శాస్త్రీయ, సాంకేతిక ఉద్యోగాల్లో గ్రూప్ ఎ అట్టడుగు మెట్టుకు పైనున్నవాటిని రిజర్వేషన్ నుంచి మినహాయించింది. ఆ పై మెట్లలో పరిశోధన చేసే పోస్టులు, పరిశోధనను నడిపించే పోస్టులు అన్నీ ఈ మినహాయింపు కిందికి వస్తాయి. 2019లో కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక పోస్టులకు రిజర్వేషన్ చట్టం తెచ్చినప్పుడు కూడా టాటా మౌలిక పరిశోధన సంస్థ, హోమీ భాభా జాతీయ సంస్థ వంటి కొన్నిటిని షెడ్యూలులో చేర్చి పక్కన పెట్టారు. కింది మెట్టు దాకా రానిచ్చి పై మెట్టుకు తాళం వేయడమన్నమాట. తాళం లేని చోట 'నాట్ ఫౌండ్ సూటబుల్' ఉంది. ఇంటర్వ్యూకు పిలుస్తారు, తగినవారు దొరకలేదని రాస్తారు, పోస్టు ఖాళీగా ఉంచుతారు. విశ్వవిద్యాలయాల్లో తిరిగిన ఏ దళిత, ఆదివాసీ స్కాలర్‌ను అడిగినా ఎన్‌ఎఫ్‌ఎస్ అనే మూడక్షరాల అర్థం చెబుతారు.

ఇందులో ఉద్యోగాల అన్యాయం ఉంది. అది అందరికీ కనిపిస్తూనే ఉంది, దాని మీద పోరాడేవాళ్లూ ఉన్నారు. ఆరోగ్య పరిశోధనలో అంతకు మించిన ప్రమాదం ఒకటుంది. దాన్ని భద్రాచలం ఏజెన్సీ కళ్లారా చూసింది.

2009లో గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా మీద ఒక 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు' అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు మూడేసి డోసులు. దాదాపు పద్నాలుగు వేల మంది. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. తల్లిదండ్రులు ఎక్కడో కొండ అవతలి ఊళ్లో ఉంటారు. కొన్నాళ్లకు అక్కడ కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త బయటికొచ్చింది. గుజరాత్‌లోని వడోదరలో సాగుతున్న ఇలాంటి ప్రాజెక్టుతో కలిపి మొత్తం ఏడు మరణాలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. విచారణ సంఘం సంబంధం కనపడలేదనే చెప్పింది. టీకా కూడా పనికిమాలినది కాదు. ప్రపంచమంతా వాడుతున్న, ప్రాణాలు కాపాడుతున్న టీకా అది. తప్పు మరోచోట జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లో ప్రధానోపాధ్యాయులో సంతకాలు పెట్టారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదిక దీన్ని కడిగేసింది. పిల్ల ఒంట్లోకి సూది దిగుతుందని తండ్రికి తెలియదు. తెలియజెప్పాలన్న ఆలోచన ఢిల్లీలో ప్రణాళిక రాసినవాళ్లకు గానీ, హైదరాబాద్‌లో దస్త్రం కదిపినవాళ్లకు గానీ రాలేదు. ఆ బృందంలో పైస్థాయిలో ఒక్క కోయ డాక్టరు, ఒక్క లంబాడీ పరిశోధకురాలు ఉండి ఉంటే, వార్డెన్ సంతకం చాలన్న మాట దగ్గరే ఆగి, "మా నాన్న సంతకం ఎందుకు అక్కర్లేదు?" అని అడిగేవాళ్లు. హాస్టల్లో పెరిగిన మనిషికి ఆ ప్రశ్న తట్టడానికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు.

అప్పుడు జరిగిన నష్టం ఎన్నేళ్లు సాగిందో చూడండి. నిర్వాహకులు సమ్మతి తీసుకోవడంలో చేసిన తప్పు మచ్చగా టీకాకే అంటుకుంది. దేశంలో గర్భాశయ ముఖ క్యాన్సర్‌తో ఎక్కువగా చనిపోయేది పేద ఆడవాళ్లు. వాళ్ల కూతుళ్లకు ఈ టీకా ప్రభుత్వ పరంగా అందడం ఏళ్లకేళ్లు వెనకబడటంలో 2010 నాటి భయానికీ వాటా ఉంది. రేపు సికిల్ సెల్ విషయంలో ఇలాంటిదే ఏ చిన్న పొరపాటు జరిగినా, పరీక్షకు వేలు చాపే గూడెం ఉండదు. అందుకే దీన్ని హెచ్చరిక అంటున్నాం.

పొరపాటు ఎక్కడ జరగొచ్చో ముందే కనపడుతోంది. ఈ జబ్బు రావాలంటే సికిల్ సెల్ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక్కటే ఉంటే వాహకులు. వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. ఆ ఒక్కటి వాళ్లను మలేరియా నుంచి కొంత కాపాడుతుంది కూడా. ఈ జన్యువు మలేరియా ఉన్న నేలల్లో ఇంతగా నిలిచిపోవడానికి కారణం అదే. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ పాతిక శాతం జబ్బు బిడ్డ పుట్టే అవకాశం. అందువల్ల మిషన్‌లో పెద్ద భాగం పెళ్లికి ముందు సలహా ఇవ్వడం. ప్రతి మనిషికీ జన్యు స్థితి చెప్పే కార్డు ఇస్తున్నారు, ఇద్దరి కార్డులూ చూసుకుని పెళ్లి ఆలోచన చేయమంటున్నారు.

కాగితం మీద ఇది సులువే. కోయల పెళ్లి గట్టు చూసి జరుగుతుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ వంశాలు విడిపోయి ఉంటాయి. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, పెళ్లి కుదరదు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల్లో ఇలాంటివే నాల్వేన్, సివేన్, సార్వేన్, యేర్వేన్ సగలు. వీటితో పాటు మేనరికం, అత్త కూతురి మీద మేనల్లుడికి హక్కు. ఒక గట్టులో వాహకుల సంఖ్య ఎక్కువని తేలితే ఏమవుతుంది? ఆ గట్టు పిల్లలకు సంబంధాలు రావు. పేరుకు వాహకురాలు, ఊరి నోట జబ్బు పిల్ల. కార్డు దాచేస్తారు. దాచిన కార్డు ఉన్నా లేనట్టే. ఇంకోవైపు నుంచి చూస్తే గట్టు కట్టుబాటే ఈ సలహాకు తోడ్పడే దారి కూడా కావచ్చు. ఏ గట్టుకూ ఏ గట్టుకూ మధ్య సంబంధాలు ఎక్కువ నడుస్తున్నాయో, ఏ పెద్ద చెబితే ఊరు వింటుందో, పెళ్లి మాట ఏ పండగలో ఎత్తుతారో తెలిసినవాళ్లు ఉంటే, పెళ్లి కుదిరాక కార్డు చూపించే బదులు మాట మొదలవకముందే సలహా అందుతుంది. ఈ ప్రశ్నలు అసలు పరిశోధనలో భాగమని గుర్తించేదెవరు? గట్టు అంటే ఏమిటో పీహెచ్‌డీ గైడుకు ఫుట్‌నోట్ పెట్టి వివరించాల్సిన స్థితిలో, గట్టులో పుట్టిన మనిషే గైడు కుర్చీలో కూర్చుంటే పని ఎంత ముందుకు పోతుందో ఊహించుకోండి.

సగల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1940లలో మార్లవాయిలో ఉండి రాసిపెట్టింది. ఎనభై ఏళ్లయినా మనం ఆయన్నే ఉదహరిస్తున్నాం. ఆయన పని గొప్పది. కానీ గోండు ఇంటి సంగతి ఇప్పటికీ ఆస్ట్రియా మనిషి పుస్తకంలోంచే తెలుసుకోవాల్సి రావడం మన విశ్వవిద్యాలయాలకు తలవంపులు.

వైద్యశాస్త్రంలోనూ ఇలాంటి గుడ్డి మచ్చలున్నాయి. భారతీయుల్లో కనిపించే సికిల్ సెల్ రకం ఆఫ్రికా రకం కంటే మెతకదని చాలాకాలం పాఠ్యపుస్తకాలు నమ్మాయి. నాగపూర్ వైపు పుట్టిన నాటి నుంచి పిల్లల్ని వెంబడించి చూసిన వైద్యులు ఆ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించారు. నెలల పిల్లల్లో నొప్పుల దాడులు, తీవ్రమైన రక్తహీనత, ఆస్పత్రి పాలవడం వాళ్ల కళ్ల ముందే జరిగాయి. జబ్బు మెతకదనే నమ్మకం ఉన్నంతకాలం హైడ్రాక్సీయూరియా మాత్ర ఏజెన్సీ పీహెచ్‌సీకి చేరే తొందర ఎవరికీ ఉండదు. ఇంట్లో అన్న కీళ్ల నొప్పితో రాత్రంతా ఏడవడం చూసి పెరిగిన మనిషి, ఆ పాఠ్యపుస్తకం వాక్యాన్ని మొదటిసారి చదివినప్పుడే నమ్మడు. పరిశోధనకు కావలసిన ముడిసరుకు అలాంటి అపనమ్మకమే.

ఇక్కడ అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. అరిజోనాలో గ్రాండ్ కేన్యన్ లోయలో హవాసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. వాళ్లలో మధుమేహం విపరీతం. 1990లలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మధుమేహం గురించి తెలుసుకుంటామని వాళ్ల రక్తం తీసుకున్నారు. 2003లో ఆ తెగకు చెందిన కార్లెటా టిలూసీ అనే ఆమె అదే యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ ప్రదర్శనకు వెళ్లి కూర్చుంది. తెరమీద చూపిస్తున్న విషయాలు తన వాళ్ల రక్తం నుంచే వచ్చాయనీ, వాటికీ మధుమేహానికీ సంబంధం లేదనీ ఆమెకు అర్థమైంది. దీనికి మా వాళ్ల అనుమతి తీసుకున్నారా అని లేచి అడిగింది. అదే రక్తాన్ని స్కిజోఫ్రెనియా మీద, దగ్గరి బంధువుల పెళ్లిళ్ల మీద, తెగ ఎక్కణ్ణుంచి వలస వచ్చిందన్న దాని మీద వాడారని ఆ తర్వాత బయటపడింది. కోర్టు కేసు నడిచింది, 2010లో యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నమూనాలు తిరిగి అప్పగించింది. నైతిక సంఘాలు, సమీక్షలు, పత్రికలు అన్నీ ఉన్నాయి. ఏదీ పట్టుకోలేదు. గదిలో ఉన్న ఒక్క హవాసుపాయ్ మనిషి పట్టుకుంది. మనకు ఇంకో ఆధారం కావాలా?

అమెరికా కథలో వెలుగు కూడా ఉంది. నల్లజాతి దరఖాస్తుదారులకు పరిశోధన గ్రాంటు దక్కే అవకాశం, మిగతా అర్హతలన్నీ సమానమైనా, తెల్లవాళ్ల కంటే పది శాతం పాయింట్లు తక్కువని 2011లో ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ కోసం చేసిన అధ్యయనమే చెప్పింది. తమ తప్పును లెక్కేసి అచ్చు వేసుకున్నారు. మేరీలాండ్‌లోని యూఎంబీసీ విశ్వవిద్యాలయంలో 1980ల చివర్లో మొదలైన మేయర్‌హాఫ్ పథకంలో చదివిన కిజ్‌మేకియా కార్బెట్, కోవిడ్ సమయంలో మోడర్నా టీకా వెనకున్న పరిశోధనకు ముందుండి నడిచిన వాళ్లలో ఒకరు. ఇలాంటి పథకాలకు కొన్ని దశాబ్దాల కృషి పట్టింది. 2025లో కొత్త ప్రభుత్వం కొన్ని నెలల్లోనే మైనారిటీ యువతను పరిశోధనలోకి తెచ్చే ఎన్‌ఐహెచ్ శిక్షణ పథకాలు చాలావాటిని మూసేసింది. అక్కడి ల్యాబుల్లో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లకిది పొరుగింటి గొడవ కాదు. కట్టడానికి తరం పడుతుంది, కూల్చడానికి ఒక సర్క్యులర్ చాలు.

మన దగ్గర కూల్చడానికి కట్టిందే తక్కువ. ఉన్నదైనా ఎలా కారిపోతోందో చూద్దాం. గురుకులంలో బైపీసీ చదివిన గిరిజన పిల్లలు ఇప్పుడు నీట్ రాసి మెడికల్ సీట్లు తెచ్చుకుంటున్నారు. కొత్తగూడెం, ఆసిఫాబాద్, ములుగు, పాడేరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలే వచ్చాయి. ఆనందమే. కానీ వాళ్లలో ఎంబీబీఎస్ తర్వాత పరిశోధన వైపు చూడగలిగేవాళ్లు ఎంతమంది? ఇంట్లో తొలి డాక్టరైన అమ్మాయి మీద అప్పు, తమ్ముళ్ల చదువు, ఊరి ఆశలు ఉంటాయి. నెలనెలా జీతం రాని పరిశోధన ఆమెకు విలాసం. లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లకు జాతీయ గిరిజన ఫెలోషిప్ ఉంది, ఏటా 750 మందికి. అది నెలనెలా రాదు. కొన్నిసార్లు నెలల తరబడి ఆగిపోతుంది. అప్పటికి హాస్టల్ మెస్ బిల్లు, కెమికల్స్ ఖర్చు, ఇంటికి పంపాల్సిన డబ్బు ఆగవు. విదేశాల్లో చదువుకోవడానికి గిరిజనులకిచ్చే జాతీయ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏటా ఇరవై. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఆపేశారు.

డబ్బు దాటినవాళ్లకు ఇంకో గోడ. 2007లో థోరట్ కమిటీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష ఉందని రాసిచ్చింది. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, 2019 మేలో ముంబయిలో పీజీ చదువుతున్న ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల తల్లులిద్దరూ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023లో వరంగల్‌లో అనస్థీషియా పీజీ చదువుతున్న గిరిజన విద్యార్థిని మరణం మనందరికీ గుర్తుంది. ఈ వార్తలు చదివిన ప్రతి తండా తల్లీ, కూతురు డాక్టరైతే చాలు, ఇంకా పైకి పోవద్దు అనుకుంటుంది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఈ గోడలన్నీ దాటలేక ఆగినవాళ్లు మాయమైపోరు. పరిశోధనలోనే ఉంటారు, అడుగున. ప్రాజెక్టు వచ్చినప్పుడు ఫీల్డ్ అసిస్టెంటుగా, దుబాసీగా, డేటా ఎంట్రీకి, నమూనాలు మోయడానికి స్థానిక యువతను తీసుకుంటారు. ఏ గూడెంలో ఎవరు మాట వింటారో, ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో చెప్పేది వాళ్లే. ప్రాజెక్టు ముగిసిన మర్నాడు ఉద్యోగం లేదు, వ్యాసం వచ్చినప్పుడు పేరు లేదు. 'స్థానిక సహకారానికి కృతజ్ఞతలు' అన్న వాక్యంలో ఒక తరం ఆదివాసీ మేధ మొత్తం సమాధి అవుతోంది.

పైగా సమయం తక్కువ. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది జన్యుపటాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. మన హైదరాబాద్ సీసీఎంబీ దేశంలోని ఎన్నో ఆదివాసీ సమూహాల జన్యువుల మీద దశాబ్దాలుగా ప్రపంచస్థాయి పని చేసింది. రానున్న మందులు, పరీక్షలు, జన్యు చికిత్సలు ఈ సమాచారం మీదే తయారవుతాయి. మరి ఆ సమాచారానికి కాపలా ఏది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జన్యు సమాచారానికంటూ ప్రత్యేక రక్షణ లేదు, పరిశోధన అవసరాలకు మినహాయింపు మాత్రం ఉంది. వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు ఆదివాసులను జాగ్రత్తగా చూడమన్నాయి. మార్గదర్శకాలు పెద్ద మనసుతో రాసినవే. చట్టం చేతులు కట్టుకున్నప్పుడు కాపలా కాయగలిగేది ఆ బల్ల చుట్టూ కూర్చున్న మనుషులే. ఆ కుర్చీలు ఇప్పుడు నిండకపోతే, నియమాలన్నీ రాసేశాక పిలిచి ప్రయోజనం లేదు.

ప్రతిభ సంగతేమిటని అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు. పరిశోధనలో ప్రతిభ అంటే సరైన ప్రశ్న వేయగలగడం. వార్డెన్ సంతకం చాలనుకున్నవాళ్లకు మార్కులు తక్కువేమీ లేవు.

దారి లేదనేవాళ్లకు మన నేల మీదే ఒక పాఠం ఉంది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలోనే వాచకాలు తయారు చేశారు. అక్షరం రాని తరం నుంచి కొద్ది ఏళ్లలోనే పంతుళ్లు వచ్చారు. కొమరం భీం చనిపోయి మూడేళ్లయినా కాని రోజుల్లో, నిజాం రాజ్యంలో చేయగలిగిన పనిని ఇవాళ రెండు ప్రజా ప్రభుత్వాలు చేయలేవా? ములుగులో సమ్మక్క సారక్క, విజయనగరంలో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రజారోగ్యం, జన్యుశాస్త్రం, పోషకాహారం ఈ రెండిటిలో ముందు వరసలో ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు అక్కడ సహ గైడ్లుగా ఉండాలి. ఫెలోషిప్ జీతంలాగా నెలకొకసారి పడాలి, ఆలస్యమైతే ఎవరో ఒక అధికారి జవాబు చెప్పాలి. ఏ సంస్థలో ఏ స్థాయిలో ఎంతమంది ఆదివాసీ, దళిత పరిశోధకులున్నారో ఏటా ప్రకటించాలి. అందులో చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి, సవర లాంటి వెనకబడిన తెగలను విడిగా చూపాలి. ఎస్టీ అని ఒకే గంపలో వేస్తే వాళ్లు అట్టడుగుకే పోతారు. 1975 మినహాయింపును కేంద్రం రద్దు చేయాలి, చేయనంటే ఎందుకో పార్లమెంటులో చెప్పాలి.

ఇవి ఢిల్లీ, రాష్ట్ర రాజధానుల పనులు. ఏజెన్సీ మెడికల్ కళాశాలల ప్రిన్సిపాళ్లు ఎవరి అనుమతీ లేకుండా చేయగల పని ఒకటుంది. ఎంబీబీఎస్ విద్యార్థులు రెండు నెలలు చిన్న పరిశోధన చేసుకునేందుకు వైద్య పరిశోధన మండలి 1979 నుంచి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. ఈ విడత మీ కళాశాల నుంచి వెళ్లే దరఖాస్తుల్లో గిరిజన విద్యార్థుల పేర్లు ఉండేలా చూడండి. గైడుగా ఉండటానికి మీ ప్రొఫెసర్లను ఒప్పించండి. సికిల్ సెల్ సలహా గూడెంలో ఎలా అందుతోందన్న ఒక్క అంశం చాలు, ఏడాది పొడవునా పదిమంది పిల్లలకు సరిపడా పని.

ఐటీడీఏ ప్రాజెక్టు అధికారులకు చివరి మాట. ఇకపై మీ పరిధిలో పరిశోధన చేస్తామని వచ్చే ప్రతి బృందాన్నీ, సంతకం పెట్టేముందు ఒక్కటి అడగండి: మీలో ఇక్కడి బిడ్డలు ఏ హోదాలో ఉన్నారు? ఫీల్డ్ అసిస్టెంట్ అని మాత్రమే జవాబు వస్తే ఆ ఫైలు వెనక్కి పంపండి.